అవతలి గట్టు గంజి

మా ఆకలికి కారణం అవతలి గట్టు అని మొదట కనిపెట్టింది నేను కాదు. ఆ సంగతి ఊరూరా వినిపించింది మాత్రం నా మైకే. ఇందులో గొప్ప చెప్పుకోవడానికేం లేదు. మా జీడివలస చుట్టుపక్కల మైకు సెట్టు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్ళికైనా, జాతరకైనా, పోరాటానికైనా నా గుమ్మం తొక్కాల్సిందే. పెళ్ళికి అద్దె పుచ్చుకునేవాణ్ణి, పోరాటానికి ఊరికే ఇచ్చేవాణ్ణి. ఊరికే ఇచ్చినందుకే తర్వాత నన్ను ప్రభుత్వంలో కూర్చోబెట్టారు.

మా పల్లెలన్నీ పులిగెడ్డకి ఇవతల గట్టున ఉన్నాయి. చిన్న ఏటిని మా వైపు గెడ్డ అంటారు. ఆఫీసు, గోదాము, ఆసుపత్రి, సంతకం పెట్టే అధికారి, అన్నీ అవతలి గట్టు పేటలో ఉండేవి. వానాకాలం గెడ్డ పొంగిందంటే సంతకాలు అవతల ఆగిపోయేవి, ఆకలి ఇవతల ఆగిపోయేది. అందుకని జనం అవతలి గట్టుని పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి తిట్టుకునేవారు. మధ్యాహ్నం మాత్రం దగ్గరకెళ్ళి తిట్టేవారు. ఎందుకంటే ఆ వేళకి అవతలి గట్టు వాళ్ళే మా రేవుకి వచ్చేవారు.

వాళ్ళు మా రేవులో ఒక రేకుల షెడ్డు వేసి గంజి కేంద్రం నడిపేవారు. పేట నుంచి ఒక గుమస్తా ఖాకీ టోపీ పెట్టుకుని పడవలో దిగేవాడు. బల్ల వెనకాల నిలబడి, వచ్చిన ప్రతివాణ్ణీ "ఆకలిగా ఉందా?" అని గొంతు చించుకుని అడిగేవాడు. అలా అడగాలని ఆయనకి రూలు. ఉంది అంటేనే గరిటె గంజిలో మునిగేది. మా వాళ్ళు "ఉంది. ఎందుకుండదు? మీ పాలనలో ఉన్నది అదొక్కటే గదా" అని నాలుగు కడిగేసి గిన్నె చాపేవారు. ఆ గంజిలో మెతుకుని వెతికి పట్టుకోవాలి. అయినా తిట్టి తాగడం వల్లనేమో, బాగానే ఒంటికి పట్టేది.

ఆ వరసలో అందరికంటే ముందు మా తవిటమ్మ పిన్ని ఉండేది. మా అమ్మకి వరసకి చెల్లెలు. మా ఇంటి గోడా ఆవిడ ఇంటి గోడా ఒకటే. మొగుడు పోయాక తాటాకు చాపలు అల్లుకుని ఒక్కతే బతికింది. వేళ్ళు కొంకర్లు పోయాక అల్లిక ఆగింది, పొయ్యి కూడా ఆగింది. రోజు మొత్తంలో ఆవిడ కడుపున పడేది ఆ గంజే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, తెలిసినట్టు మాత్రం ఎవరూ కనబడకూడదు. మా ఆవిడ గవరమ్మ ఎప్పుడైనా ఇంత అన్నం పట్టుకెళితే, "ఇప్పుడే తినీసినానమ్మా, కడుపులో సోటు లేదు" అని గిన్నె గుమ్మంలోంచే తిప్పి పంపేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మా ఇంట్లో మెతుకు ముట్టవు గానీ, ఆ టోపీ ఓడి ముందు గిన్నె పట్టుకుని నిలబడతావేటి పిన్నీ?"

"ఆడి ముందు నాకు సిగ్గేటిరా? ఆడు మనోడేటి?" అంది. "మన పంటంతా ఆ గట్టుకే ఎలిపోనాది. అందులో ఈ గంజెంత? నువ్వయితే నా కడుపున పుట్టినోడి లాటోడివి. నీ ముందు నోరిప్పి ఆకలని ఎలాగంటాను?"

నేను నవ్వి ఊరుకున్నాను. అది ప్రభుత్వాలు వినాల్సిన మాట. అప్పటికి నేను ప్రభుత్వంలో లేను. ప్రభుత్వంలోకి వచ్చాక వినే అలవాటు పోయింది.

పోరాటానికి నాయకుడు లెంక రామినాయుడు గారు. ఒకప్పుడు పేట కోర్టులో ప్లీడరు గుమస్తాగా చేశారు. మామూలుగా మాట్లాడితే మా అందరి లాగే మాట్లాడతారు. చేతికి మైకు తగిలిందంటే మాత్రం నోట్లోంచి స్టాంపు కాగితాలు వస్తాయి. "ఇందుమూలముగా యావన్మంది ఇవతల గట్టు ప్రజానీకమునకు తెలియజేయునది ఏమనగా, మన ఆకలి మన సొంతది కాదు. అది అవతలి గట్టు వారిచే మనపై మోపబడినది. మన పాలన మన చేతికి వచ్చిన తక్షణమే సదరు ఆకలి వారికే వాపసు చేయబడును." జనం ఈలలు వేశారు. నా మైకు కూడా కుయ్యిమంది.

ఆకలి పోవాలని నిరాహార దీక్షలు చేశాం. షామియానా కింద వరసగా కూర్చున్నది ఇంట్లో తిండికి లోటు లేనివాళ్ళే. లోటున్నవాళ్ళు ఆ పని ఇంటి దగ్గరే చేస్తారు గనక వాళ్ళకి షామియానా వేయలేదు. తవిటమ్మ పిన్ని వచ్చి దీక్షలో ఉన్నవాళ్ళని చూసి కళ్ళు తుడుచుకుంది. "పాపం, మొకాలు పీక్కుపోనాయి" అని ఒక్కొక్కరికీ విసనకర్రతో విసిరింది.

అవతలి గట్టు వాళ్ళు ఒక రోజు సరే, విడిపోండి అన్నారు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని మేం అనుకోలేదు. వచ్చే నెల దీక్షలకి కూడా జనం పేర్లిచ్చి ఉన్నారు. వాళ్ళు మంచి బట్టలు కుట్టించుకున్నారు కూడానేమో, కొంచెం చిన్నబుచ్చుకున్నారు. ఏదైతేనేం, పులిగెడ్డకి ఇవతల గాలి, నేల, దోమలతో సహా సమస్తం మాదయింది. పేట గోదాములోని బియ్యంలో మా వాటా కూడా పడవల మీద మా గట్టుకి చేరింది.

బడి భవనంలో ప్రభుత్వం పెట్టాం. పిల్లలకి సెలవిచ్చాం, వాళ్ళు స్వపరిపాలనని మనస్ఫూర్తిగా సమర్థించారు. రామినాయుడు గారు ప్రధాన పాలకులు. పొట్నూరు సన్యాసిరావు గణాంక శాఖ కార్యదర్శి. ఆయన ఇదివరకు పశువుల లెక్కలకి తిరిగేవాడు. పశువులు మొహమాటానికి మాట్లాడవు కాబట్టి ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు. నన్ను ఆకలి నిర్మూలన శాఖకి కార్యదర్శిని చేశారు. జీతం బదులు నెలకింతని బియ్యం. నేను శాలువా కప్పుకుని ఇంటికొస్తే గవరమ్మ ఎగాదిగా చూసింది.

"ఆకలి పోగొట్టడం మీకేటి తెలుసనీసి ఇచ్చినారు?" అంది.

"మైకు ఉంది గదా" అన్నాను.

మొదటి కేబినెట్ సమావేశంలోనే రేవు షెడ్డు సంగతి వచ్చింది. పరాయి గంజి పోయి సొంత గంజి రావాలి. రామినాయుడు గారు బల్ల గుద్ది చెప్పారు. "ప్రజలను ఉద్దేశించి ఆకలిగా ఉందా అని ప్రశ్నించుట మన సభ్యతకు మచ్చ. అది పరాయి పాలకుల దురహంకారము. మన పెద్దలు ఇంటికి వచ్చినవారిని ఏమని పలకరించేవారు? భోంచేశారా అని. మన ప్రభుత్వము కూడా ఆ విధముగానే పలకరించవలెను. లేదు అన్నవారికి తక్షణమే గంజి సరఫరా చేయవలెను." అందరం చప్పట్లు కొట్టాం. నా కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

షెడ్డుకి సున్నం కొట్టించాం. మావిడాకులు కట్టాం. గంజి చిక్కగా కాయించి, పైన మజ్జిగ పోయించి, పక్కన ఉల్లిపాయలూ ఊరమిరపకాయలూ పెట్టించాం. అవతలి గుమస్తా వెళుతూ వెళుతూ వదిలేసిన ఖాకీ టోపీని బానిసత్వపు గుర్తు కింద మూల మేకుకి తగిలించాం. ప్రారంభోత్సవం రోజు శాఖ కార్యదర్శి హోదాలో గరిటె నేనే పట్టుకున్నాను.

ఊరంతా వచ్చింది. తల దువ్వుకుని, ఉన్నంతలో మంచి బట్ట కట్టుకుని వచ్చారు. మొదటివాణ్ణి నవ్వుతూ పలకరించాను. "భోంచేశావా?"

"ఆఁ, అయ్యింది బాబూ" అన్నాడు.

రెండోవాడు, "ఇప్పుడే తినీసి వొస్తన్నాను. నువ్వు తిన్నావా?" అని నన్నే అడిగాడు. నేనూ తిన్నానన్నాను. మూడో ఆవిడ, "మా ఇంటికి రా బాబూ, రెండు ముద్దలు తినెల్దువుగాని" అని పిలిచింది. ఆ వెనకాల తవిటమ్మ పిన్ని.

"తిన్నావా పిన్నీ?"

ఆవిడ నా మొహం చూసింది. గంజి తపేలా చూసింది. మళ్ళీ నా మొహం చూసింది. "తినీసినాను నాయనా. మనోళ్ళ షెడ్డు ఎలాగుందో ఊరికే సూసి పోదామనొచ్చినాను" అంది. పైట కొంగు కింద గిన్నె గుండ్రంగా కనిపిస్తూనే ఉంది. నేను శాఖ కార్యదర్శిని. నోటి మాట నమోదు చేయాలి గానీ కొంగు కింది గిన్నె నమోదు చేయకూడదు.

ఆ రోజు తపేలా నిండుగా మిగిలింది. మర్నాడూ అంతే. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. రామినాయుడు గారు మాత్రం తపేలాలోకి తొంగి చూసి మొహం చాటంత చేసుకున్నారు. "చూశావా అప్పలసూరీ, పరాయోళ్ళ కాలంలో ఇక్కడ నిలబడ్డానికి సోటుండేది కాదు. మనం వొచ్చాం, ఆకలి ఎలిపోనాది" అన్నారు. పక్కన ఇంకెవరో ఉన్నట్టు గమనించి, "అనగా స్వపరిపాలన సత్ఫలితములు సాధించినది" అని సవరించుకున్నారు.

అయినా ఊరికే అనుకుంటే చాలదు, లెక్క ఉండాలి. సన్యాసిరావు ఇంటింటికీ బయల్దేరాడు. ఎవరైనా అబద్ధం చెబితే దొరికిపోవాలని సరిగ్గా భోజనాల వేళకే వెళ్ళేవాడు. గుమ్మంలో నిలబడి భోంచేశారా అంటే, ఏ ఇంట్లో వాళ్ళయినా ఏమంటారు? "అయ్యింది, మీరు రండి, కాళ్ళు కడుక్కోండి" అంటారు. ఒక ఇంట్లో ఆయన నిజంగానే కాళ్ళు కడుక్కున్నాడు. ఆ ఇంటి కోడలు పెరటి దారిన పక్కింటికి పరిగెత్తి బియ్యం, ఆ పక్కింటికి పరిగెత్తి పప్పు తెచ్చి వండిపెట్టింది. ఆయన త్రేనుస్తూ నివేదిక రాశాడు. ప్రజలందరూ వేళకి తింటున్నారు. తినడమే కాదు, ప్రతి ఇంట్లో అతిథికి పెట్టేటంత మిగులుంది. మీదు మిక్కిలి, ఇళ్ళ మధ్య ఆహార వర్తకం చురుగ్గా సాగుతోంది.

ఆ నివేదిక నేనే మైకులో చదివాను. ఇవతల గట్టున ఆకలి లేదు అని ప్రకటించాను. రేవులో అదే మాట పెద్దక్షరాలతో బోర్డు రాయించాం, అవతలి వాళ్ళకి కనబడేట్టు ఆ వైపు తిప్పి పెట్టాం. ఆకలి లేని చోట గంజి కేంద్రం ఎందుకని షెడ్డుకి తాళం వేశాం. ఇక బియ్యం ఏం చేయాలన్న సమస్య వచ్చింది. రామినాయుడు గారు జాలి గుండె మనిషి. "మనలను కోల్పోయిన అవతలి గట్టు ప్రజల పరిస్థితి ఎట్లున్నదో. మిగులు బియ్యమును వారికి మానవతా సహాయముగా పంపుదము" అన్నారు. పడవ మీద మేళతాళాలతో పంపాం.

అవతలి గట్టు వాళ్ళు వద్దనలేదు. ఆ బియ్యంతో వాళ్ళ రేవులో ఒక పందిరి వేసి గంజి కాయడం మొదలుపెట్టారు. పాత గుమస్తాయే, టోపీ మాత్రం కొత్తది.

అప్పట్నుంచి మధ్యాహ్నమయ్యేసరికి మా రేవులో పడవ ఖాళీ ఉండేది కాదు. ఒక రోజు తవిటమ్మ పిన్ని పడవ ఎక్కుతుంటే ఎదురయ్యాను.

"ఎక్కడికి పిన్నీ?"

"అవతలి గట్టు సల్లగా ఉందంటన్నారు నాయనా. అలా సూసొస్తాను."

మర్నాడూ చూడ్డానికి వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఊరందరికీ ఒక్కసారే ఆ గట్టు మీద ముచ్చట పుట్టింది. సన్యాసిరావు రేవులో కూర్చుని, ప్రజలకు విహారయాత్రల మీద ఆసక్తి పెరిగిందనీ, ఇది కడుపు నిండినవాళ్ళ లక్షణమనీ రాసుకున్నాడు. రామినాయుడు గారు మా గట్టున నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, అవతలి పందిరి ముందు బారులు తీరిన జనాన్ని చూశారు. అంత దూరం నుంచి మొహాలు ఆనవు.

"అయ్యో, ఎంత కరువు" అన్నారు. "ఒక్క పూట గంజికి అంత తొక్కిసలాటా. ఇంకొక పడవ బియ్యం పంపండర్రా."

నాకు మొహాలు ఆనకపోయినా నడకలు తెలుసు. వరస మొదట్లో వంగి నిలబడ్డది ఎవరో కూడా తెలుసు. చెబుదామని నోరు తెరిచాను. ప్రభుత్వం అంత సంతోషంగా ఉన్నప్పుడు పానకంలో పుడక నేనెందుకవ్వాలని మూసుకున్నాను. ఎలాగైతేనేం, పిన్ని గంజి తాగుతోంది గదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఇంతలో నాకు సన్మానం జరిగింది. అప్పగించిన పని నెరవేర్చిన ఏకైక శాఖ నాదేనని రామినాయుడు గారు పొగిడారు. ఆకలి లేదు గనక ఆకలి నిర్మూలన శాఖ అక్కర్లేదని, దాన్ని రద్దు చేస్తున్నామని అదే సభలో చెప్పారు. ఆ మాట కూడా నా మైకులోనే వినబడింది. శాఖతో పాటు నెల బియ్యం ఆగింది. ఆషాఢం వచ్చింది, పెళ్ళిళ్ళు లేవు, మైకు అటక ఎక్కింది.

"శాఖ మూసీసినారు గానీ, ఆకలికి మనింట్లో పోస్టింగు ఇచ్చినారు" అంది గవరమ్మ, పొయ్యి మీద నీళ్ళే ఎక్కువున్న గంజిని కలుపుతూ.

అప్పుడే సన్యాసిరావు గుమ్మంలోకి వచ్చాడు. "తిన్నారా?" అన్నాడు.

"ఇప్పుడే అయ్యింది. రండి, రెండు ముద్దలు తిందురుగాని" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట నన్నడక్కుండానే వచ్చింది. గవరమ్మ నన్ను కొరకొరా చూసింది. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. పులిగెడ్డ ఒండ్రు నీళ్ళతో గట్టు తన్నింది. పడవని తాళ్ళతో చెట్టుకి కట్టేశారు. అవతలి పందిరి కనబడ్డం కూడా మానేసింది. మా గట్టున అందరూ ఎవరి ఇళ్ళలో వాళ్ళు తలుపులు వేసుకుని, ఎవరు పలకరించినా తిన్నామంటూ గడిపారు.

తవిటమ్మ పిన్ని ఇంట్లోంచి అలికిడి లేదు. గవరమ్మ మా గంజిలోనే సగం గిన్నెలో పోసుకుని వెళ్ళింది. గిన్నె అలాగే తిరిగొచ్చింది.

"తినీసిందట" అంది గవరమ్మ. "మంచం మీంచి లేవలేదు. కడుపులో సోటు లేదని సెప్తంది. ఆ మాట సెప్పడానికి కూడా ఓపిక లేదు. ఈ ముసిల్ది మర్యాదగా సచ్చిపోతాది. మీరు ఏం సేస్తారో సెయ్యండి."

నాకు భయం వేసింది. కొంగు కింది ఆ గిన్నె నా కళ్ళ ముందు ఆడింది. ఆ రోజే ఏమీ అడక్కుండా లాక్కుని గంజి పోసేస్తే ఏం పోయేదని నన్ను నేను తిట్టుకున్నాను. నేను కూడా వెళ్ళి బతిమాలాను. "నా మీదొట్టు, కొంచెం తాగు పిన్నీ" అన్నాను. ఆవిడ నా చెయ్యి నిమిరి, "నువ్వు తిను నాయనా, నీ మొకం పీక్కుపోనాది" అంది. ఇక అక్కడ నిలబడలేక గొడుగు కూడా లేకుండా బడి భవనానికి పరిగెత్తాను.

రామినాయుడు గారు ఒక్కరే కూర్చుని వాన చూస్తున్నారు. ఒళ్ళు తగ్గినట్టున్నారు.

"తిన్నావా అప్పలసూరీ?" అన్నారు.

"తిన్నానండి. తమరో?"

"అయ్యింది, అయ్యింది" అన్నారు. అంతలో ఎవరి కడుపో గుర్రుమంది. ఇద్దరం కిటికీలోంచి వానని చూశాం.

"షెడ్డు తెరిపించండి" అన్నాను.

"ఆకలి లేదని ప్రకటించిన పిదప కేంద్రము తెరుచుట అనగా ప్రభుత్వము తనపై తానే అవిశ్వాస తీర్మానము" అంటూ ఆయన మొదలుపెట్టారు.

నాకు ఒళ్ళు మండింది. "తవిటమ్మ పిన్ని మంచాన పడిందండి. తెరిచినా మన చేత్తో పోస్తే తాగదు, చచ్చిపోతుంది. ఆవిడొక్కతే కాదు, ఎవరూ తాగరు. అవతలి గట్టు వరసలో మీరు చూసిందంతా మనోళ్ళనే. పరాయోడడిగితేనే వీళ్ళు ఆకలంటారు. మనం అడిగితే తిన్నామంటారు. ఇప్పుడు మీరన్నట్టు, నేనన్నట్టు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను కోప్పడతారనుకున్నాను. కానీ ప్లీడరు గుమస్తా బుర్ర వేరు. ఏ చిక్కుకైనా ఒక అర్జీ ఉంటుందని దాని నమ్మకం.

"మనవాళ్ళకి పెట్టాలంటే పరాయి పాలన కావాలంటావు" అన్నారు.

"ఆ షెడ్డు వరకూ చాలండి."

"షెడ్డు వరకు" అని కాగితం లాక్కున్నారు. రాస్తూ బయటికి చదివారు. "జీడివలస రేవు నందలి రేకుల షెడ్డు, దాని చూరు నీళ్ళు పడు హద్దు వరకు, ప్రతి దినము మధ్యాహ్న సమయమున మాత్రము, పరాయి పాలన క్రిందికి పునః ప్రవేశపెట్టబడినది. సదరు సమయమున పాలకులను దూషించు హక్కు ప్రజలకు యథాతథముగా ఉండును." సంతకం పెట్టి తలెత్తారు. "మరి గంజికి బియ్యం?"

అవతలికి పంపడానికి కట్టిన బస్తాలు గెడ్డ పొంగడం వల్ల వరండాలోనే ఆగి ఉన్నాయి. మానవతా సహాయం అని వాటి మీద రంగుతో రాసి ఉంది. రామినాయుడు గారు ఒక బస్తాకి తానే ఓ చివర పట్టారు.

షెడ్డు తాళం తీశాం. గంజి కాయించాం. రుచి తేడా వస్తే జనానికి అనుమానం వస్తుందని కొన్ని నీళ్ళు ఎక్కువే పోయించాను. మేకు మీది ఖాకీ టోపీ దులిపి నెత్తిన పెట్టుకున్నాను. మైకు అటక దింపి, అవతలి గుమస్తా యాసలో, గొంతు వీలైనంత కటువు చేసి అరిచాను. "అవతలి గట్టు ప్రభుత్వం వారు గంజి పోయుచున్నారు. ఆకలిగా ఉన్నవారు వెంటనే రావలెను. లేనిచో మాకేమీ నష్టము లేదు."

ఆ ఆఖరి మాటకి ఊరు కదిలింది. వానలో తడుస్తూ, గోనెసంచులు నెత్తిన వేసుకుని, గిన్నెలు పైకే కనబడేట్టు పట్టుకుని వచ్చారు. నా గొంతు పుట్టినప్పట్నుంచి వింటున్న జనం. నన్ను పోల్చుకోనివాడు ఒక్కడుంటే ఒట్టు. అయినా ఎవ్వరూ పోల్చుకోలేదు.

"ఆకలిగా ఉందా?" అని మొదటివాణ్ణి గద్దించాను.

"ఉంది. ఎందుకుండదు? మీ బతుకులు మండిపోనూ" అన్నాడు వాడు ప్రాణం లేచొచ్చినట్టు. గిన్నె నింపాను. ఆ వెనకాల సన్యాసిరావు, కాగితాలు ఇంట్లో వదిలేసి, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. "దొంగల ప్రభుత్వం" అన్నాడు నన్ను చూసి. వరస చివర్న తువ్వాలు తల మీదుగా ముసుగేసుకున్న పెద్దమనిషి, అవతలి గట్టు దుష్పరిపాలన గురించి గ్రాంథికంలో తిడుతూ వచ్చాడు. ఆయన ఎవరో నేను చెప్పను. పాపం, ఆయన గిన్నె కూడా తెచ్చుకోలేదు, దోసిలి పట్టాడు.

గవరమ్మ తవిటమ్మ పిన్నిని రెక్క పట్టుకుని నెమ్మదిగా నడిపించుకొచ్చింది. పిన్ని బల్ల ముందు ఆగింది. టోపీని చూసింది. టోపీ కింది మొహాన్ని చూసింది.

"ఆకలిగా ఉందా?" అన్నాను. గద్దించబోయాను, కుదర్లేదు.

ఆవిడ కాసేపటికి గొంతు తెచ్చుకుంది. "ఉందిరా, ఉంది. మీ గెడ్డ ఎండిపోను. మీ టోపీలు గాలికి ఎగిరిపోను. ముసిల్దాన్ని ఇన్నాళ్ళు మాడబెట్టినారు గదరా" అని గిన్నె చాపింది. అంత చక్కటి తిట్లు నా మైకులో ఏనాడూ వినబడలేదు. నేను వంచిన గరిటె ఎత్తకుండా పోశాను. ఆవిడ అక్కడే నేల మీద కూలబడి, కళ్ళు మూసుకుని, సగం గిన్నె ఒక్క గుక్కలో తాగింది. గవరమ్మ మొహం అటు తిప్పుకుని తన గిన్నె తాను తాగింది.

జనం పలచబడ్డారు. తపేలా అడుగు తేలింది. పోసేవాడు తాగకూడదని పాత గుమస్తాకి రూలుండేది, నేనూ అదే పాటించాను. నిజం చెప్పాలంటే, అందరి ముందూ నాకు నేను పోసుకోవడానికి చెయ్యి రాలేదు. బల్లకి చేరగిలబడ్డాను, కళ్ళు తిరిగాయి.

పిన్ని గోడ పట్టుకుని లేచి నా దగ్గరికొచ్చింది. తిట్టిన గొంతు పోయి మామూలు గొంతు వచ్చింది.

"తిన్నావా నాయనా?"

"తినీసినాను పిన్నీ" అన్నాను.

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. కొంకర్లు పోయిన వేళ్ళు ఎత్తి, నా నెత్తి మీది టోపీ తీసింది. తన నెరిసిన తల మీద పెట్టుకుని, సగం మిగిల్చిన గిన్నె బల్ల మీద పెట్టి, అవతలి గుమస్తా కంటే గట్టిగా అడిగింది.

"ఆకలిగా ఉందా?"

"ఉంది" అన్నాను.